నాన్న పత్రిక 57 సంచికలు పాత పేజ్‌మేకర్ ఫైళ్ళలో ఉన్నాయి, యూనికోడ్‌లోకి మార్చాలా, పీడీఎఫ్ చేసి ఆపాలా?

బసవనగుడి_భాను
మా నాన్న ఇక్కడ బెంగళూరులోని తెలుగు కుటుంబాల కోసం 1997 ఉగాది నుంచి 2011 ఉగాది దాకా మూడు నెలలకోసారి ఒక చిన్న పత్రిక తెచ్చారు. మొత్తం 57 సంచికలు, ఒక్కొక్కటి 32 పేజీలు. సుల్తాన్‌పేటలో ఒక డీటీపీ ఆయన పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో పేజీలు కట్టి ఇచ్చేవాడు. కొట్టు మూసేసి ఊరికి వెళ్ళిపోయేటప్పుడు సీడీలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో సర్ది నాన్న చేతిలో పెట్టాడు, తన పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ కూడా మాకే ఇచ్చేసి వెళ్ళాడు. అప్పటి నుంచి అది మా మంచం కింద ఉంది. మొన్న ఆన్ చేస్తే నాలుగోసారికి లేచింది. ఫ్యాన్ గరగరమంటోంది, ఎన్నాళ్ళుంటుందో తెలీదు.

నా లాప్‌టాప్‌లో ఆ పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకోవడమే లేదు. రెండు సంచికలకు వర్డ్ ఫైళ్ళు కూడా ఉన్నాయి, అవి తెరుచుకున్నాయి గానీ తెలుగు ఉండాల్సిన చోటంతా డాలరు గుర్తులు, నెత్తిన టోపీలున్న ఇంగ్లీషు అక్షరాలు. నాన్నకు 79 ఏళ్ళు. ఆ తెర చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు, లోపం తన కళ్ళదే అనుకున్నారు. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. అన్నీ పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టేస్తే చాలంటాడు తమ్ముడు. నాకేమో యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి ఫోన్లకూ కంప్యూటర్లకూ తెలుగుగా అర్థమయ్యే అక్షరాల్లోకి మార్చాలని ఉంది. నాన్న ఫోన్‌లో అక్షరం పెద్దది చేసుకుని చదువుకోవాలి, ఏదైనా మాట కొడితే ఆ వ్యాసం దొరకాలి. తెలిసిన టైపింగ్ ఆవిడను అడిగితే పేజీకి 30 రూపాయలన్నారు, 1824 పేజీలకు 54,720 రూపాయలు. అంత పెట్టాలా? అసలు మార్చాలా వద్దా? ఇలాంటి పని చేసినవాళ్ళు చెప్పండి.

పెట్టెతాళం
వర్డ్ ఫైళ్ళున్నాయన్నారుగా, వాటిని కొత్త వర్డ్‌లో తెరిచి కొత్త రకం డాక్స్ (.docx) ఫైలుగా సేవ్ చేస్తే సరిపోతుందేమో. 2007 నుంచి అదే వాడుతున్నాం, మా ఆఫీసులో పాత ఫైళ్ళన్నీ అలాగే మార్చాం.

నాగసంపంగి
బిస్కెట్ డబ్బా అంటే మా ఇంట్లో సూదీ దారమే ఉంటుంది. మీ ఇంట్లో పద్నాలుగేళ్ళ పత్రిక ఉంది, అదృష్టవంతులు.

అచ్చుమర
పెట్టెతాళం చెప్పింది ఇక్కడ పనికిరాదు, కోపగించుకోవద్దు. డబ్బా మార్చినంత మాత్రాన లోపల పప్పు మారదు. డాక్, డాక్స్, పీడీఎఫ్ ఇవన్నీ డబ్బాలు. భాను గారి సమస్య లోపలి అక్షరానిది. నేను చెన్నై తిరువళ్ళికేణిలో 1994 నుంచి డీటీపీ చేశాను, ఈ అక్షరాల మధ్యే బతికాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అప్పటి ఫాంటులో ఉన్నవి 256 గదులు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కూర్చోవాల్సిన ఆ గదుల్లోనే తెలుగు బొమ్మలు పెట్టారు. మన గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే 256లో ఎక్కడ ఇముడుతాయి? అందుకని అక్షరాన్ని ముక్కలు కోశారు. తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తులు ఇంకో చోట. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కానే కాదు, ఇంగ్లీషు గుర్తుల వరసే. ఫాంటు ఉంటే ఆ వరస మన కంటికి తెలుగులా కనిపిస్తుంది, ఫాంటు లేకపోతే మీ నాన్నగారు చూసింది కనిపిస్తుంది. ఆయన కళ్ళలో లోపం లేదని చెప్పండి.

ఇంకో చిక్కు వరసలో ఉంది. ‘స్త్రీ’ అనే అక్షరం తీసుకోండి. మేం కొట్టేటప్పుడు ముందు ‘సీ’, తర్వాత త ఒత్తు, ఆ తర్వాత ర ఒత్తు. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, చివర్న దీర్ఘం, మొత్తం ఆరు. అంటే ముందున్న గుడిదీర్ఘాన్ని తీసి ఒత్తుల వెనక్కి తీసుకెళ్ళాలి. పాత ఫాంటు అక్షరాల్ని యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లు చేసే అసలు పని ఇదే. మంచి కన్వర్టరైతే ఇది బాగానే చేస్తుంది, మామూలుది మూడు అంతస్తుల ఒత్తు వచ్చిందంటే తడబడుతుంది.

కాబట్టి నా మాట ఒక్కటే: 54 వేలు పెట్టి మళ్ళీ టైపు చేయించకండి. టైపు ఒకసారి అయిపోయింది, ఎవరో కష్టపడి చేశారు. దాన్ని బయటికి తీయాలి.

పెట్టెతాళం
కోపమెందుకన్నా, ఇప్పుడర్థమైంది. మా ఆఫీసువన్నీ ఇంగ్లీషు ఫైళ్ళు, అందుకే తేడా తెలీలేదు.

కరెంటులేనిపుస్తకం
నేను వేరే మాట చెప్తాను. అచ్చు ప్రతులు ఉన్నాయా లేవా? ఉంటే స్కాన్ చేసి అక్కడితో ఆపేయండి. ఫ్లాపీ పోయింది, సీడీ డ్రైవ్ పోయింది, పేజ్‌మేకర్ పోయింది, రేపు ఇంకోటి పోతుంది. మా ఇంట్లో తాతగారి పంచాంగాలున్నాయి, వందేళ్ళవి, తీస్తే తెరుచుకుంటాయి. ప్రతి పదేళ్ళకూ మార్చుకుంటూ పోయే ఓపిక ఇంట్లో అందరికీ ఉండదు, మీ తర్వాత ఎవరు చేస్తారు? ఉన్న శక్తిని అచ్చు ప్రతుల్ని మంచిగా బైండు చేయించడం మీద పెట్టండి.

బసవనగుడి_భాను
అచ్చు ప్రతులు 49 ఉన్నాయి. ఎనిమిది లేవు, ఒక వానాకాలం గోడ నుంచి నీళ్ళు దిగి కింది అర తడిసిపోయింది. ఆ ఎనిమిదీ సీడీల్లోనే ఉన్నాయి. అందుకే భయం.

మునెకొళాల_మూర్తి
అక్కా, ఇంకేం చేయకముందు ఆ ఎక్స్‌పీ లేచిన వెంటనే విండోస్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అది మొత్తం కాపీ తీసుకో. ప్రియాంక, అనుపమ అనే పేర్లు కనిపిస్తాయి చూడు, అవే అను ఫాంట్లు. ఆ ఫాంట్లు నీ దగ్గరుంటే వర్డ్ ఫైళ్ళు ఇప్పటి లాప్‌టాప్‌లోనూ తెలుగులో కనిపిస్తాయి. చూడటానికి కీబోర్డు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఫాంటు చాలు.

పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, అదే ఆఖరు. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్ సీఎస్6 వెర్షన్ దాకా పేజ్‌మేకర్ 6 నుంచి 7 వరకు ఫైళ్ళను తెరిచేది, ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో తీసేశారు. లిబ్రెఆఫీస్ డ్రా తెరుస్తుంది, ఉచితం, కాకపోతే పెట్టెలు అటూ ఇటూ జరుగుతాయి. ఎక్స్‌పీ బతికి ఉండగానే పని చేసుకోవడం అన్నిటికన్నా మేలు.

కొళత్తూరు_కృష్ణ
నా అనుభవం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మా అమ్మ నలభై ఏళ్ళు ఇంటి వైద్యం చేసింది, మా వీధిలో దగ్గు, జ్వరమంటే ముందు మా ఇంటికే వచ్చేవాళ్ళు. ఆమె చెప్తుంటే మా మామయ్య కంప్యూటర్‌లో కొట్టి పెట్టాడు, 140 పేజీలు. మూడేళ్ళ కిందట నేను దాన్ని నెట్‌లో దొరికిన కన్వర్టర్‌లో పెట్టి యూనికోడ్ చేశాను. మొదటి పది పేజీలు చదివితే బాగున్నాయి. చాలా సంతోషమేసింది. పాత ఫైలెందుకులే అని చెరిపేశాను.

తర్వాత పాళ్ళ దగ్గరకొచ్చేసరికి గుండె జారింది. సగం తులం అని రాయడానికి మామయ్య ఇంగ్లీషు ఫాంటులో ఒకటిబైరెండు గుర్తు పెట్టాడట. ఆ గుర్తు ఉండే గదిలో తెలుగు ఫాంటుకు ఒక అక్షరం ముక్క ఉంది. కన్వర్టర్‌కు ఏది ఇంగ్లీషు, ఏది తెలుగు తెలీదు కదా, అన్నిటినీ తెలుగనుకుని మార్చేసింది. సగం తులం, ముప్పావు తులం ఉన్న చోట్లన్నీ ఏదో ఒక దీర్ఘమో కొమ్మో తగులుకుని ఉన్నాయి. మందుల పేర్ల పక్కన ఇంగ్లీషులో రాసుకున్నవి కూడా పోయాయి. అమ్మ అప్పటికే లేదు. మామయ్యకు గుర్తున్నవి కొన్ని చెప్పాడు, మిగతా చోట్ల ఖాళీ వదిలేశాను. మందు విషయం కదా, ఊహించి రాయకూడదు.

మార్చండి, మార్చొద్దని నేననను. పాతది మాత్రం చెరపొద్దు. ఎంత చోటు తింటుంది? ఒక ఫోన్ వీడియో అంత ఉండదు మొత్తం కలిపి.

నాగసంపంగి
చదువుతుంటే బాధేసింది అన్నా.

అచ్చుమర
కృష్ణ గారిది చాలా చోట్ల జరిగే పొరపాటే. మొత్తం కాపీ చేసి కన్వర్టర్ పెట్టెలో అతికించినా, ప్లెయిన్ టెక్స్ట్‌గా సేవ్ చేసినా ఏ మాట ఏ ఫాంటులో ఉందన్న సమాచారం పోతుంది. పేజ్‌మేకర్‌లో ఆ కథనాన్ని ఎంచుకుని ఎక్స్‌పోర్ట్‌లో ఆర్టీఎఫ్‌గా తీయాలి. ఆర్టీఎఫ్‌లో ఫాంటు పేరు అక్షరాలతో పాటే వస్తుంది. అప్పుడు అను ఫాంటులో ఉన్నవే మార్చి, టైమ్స్‌లో ఉన్నవి ముట్టుకోకుండా వదలొచ్చు.

మునెకొళాల_మూర్తి
ఆ స్క్రిప్టు నేను రాసిస్తా. పైతాన్‌లో పెద్ద పని కాదు. భాను అక్కా, ఒక్క సంచిక ఆర్టీఎఫ్ పంపు చాలు. ఆ సంచిక అచ్చు ప్రతి ఫొటోలు కూడా కావాలి, పోల్చుకోవడానికి.

కరెంటులేనిపుస్తకం
ఇంత కష్టమెందుకు, అచ్చు ప్రతిని స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు దానంతటదే వస్తుంది. మా మనవరాలు చేసి చూపించింది.

మునెకొళాల_మూర్తి
వస్తుంది, నేనూ వాడాను, నిజంగా బాగా వస్తుంది. ఒకే తేడా. బొమ్మను చూసి చదివేటప్పుడు పడే తప్పులు ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండవు. ఒక చోట ‘ఘ’ను ‘ఫు’ అంటుంది, పక్క పేజీలో సరిగ్గానే చదువుతుంది. రెండు కాలమ్‌లుంటే ఒక్కోసారి ఎడమ లైను, కుడి లైను కలిపేస్తుంది. కన్వర్టర్ తప్పు చేస్తే మాత్రం ప్రతి చోటా అదే తప్పు చేస్తుంది, పట్టుకుని ఒక్కసారి సరిచేస్తే 57 సంచికల్లోనూ పోతుంది. ఫైలు లేనప్పుడు స్కానే గతి. ఫైలు ఉన్నప్పుడు దాన్ని వదులుకోకూడదు.

చెవితోచదువు
నాకు పుట్టుకతో చూపు లేదు. జయనగర్‌లో ఉంటాను, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్ అని తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని తెలుగు వింటాను. పీడీఎఫ్ చాలా, యూనికోడ్ కావాలా అని మీరు అడుగుతున్నారు కదా, నా వైపు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

స్కాన్ చేసిన పీడీఎఫ్ తెరిస్తే నా కంప్యూటర్ ఖాళీ కాగితం అంటుంది. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ తెరిస్తే ఇంకా అన్యాయం, మీ అందరికీ అందమైన తెలుగు కనిపిస్తుంది, నాకు మాత్రం డాలర్, ప్లస్, బ్రాకెట్, ఎస్ అని చదువుతుంది. ఇరవై సెకన్లు వింటే తలనొప్పి వస్తుంది. అదే వ్యాసం యూనికోడ్‌లో ఉంటే కాఫీ తాగుతూ వింటాను. తెలుగు వికీపీడియా మొత్తం నేను అలాగే చదువుకున్నాను, అందులో ఒక్కరు కూడా నాకోసమని ప్రత్యేకంగా ఏమీ చేయలేదు, అక్షరాలు సరైనవి వాడారంతే.

మీ నాన్నగారి పత్రిక నా చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేది. అమ్మ చదివి వినిపించేది. ఇప్పుడు అమ్మకూ కళ్ళు ఆనడం లేదు. మార్చగలిగితే మార్చండి. ఒక్క సంచికైనా సరే.

బసవనగుడి_భాను
ఇది నాన్నకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ అబ్బాయి వాళ్ళమ్మకు ఏ శీర్షిక ఇష్టమో అడగమ్మా, అది ముందు చేద్దాం అన్నారు. తమ్ముడు కూడా చదివాడు. వాడిప్పుడు వద్దనడం లేదు.

చెవితోచదువు
పాఠకుల ఉత్తరాలు. వాటిలో ఎవరెవరి ఇళ్ళలో ఏం జరిగిందో ఉండేది, అమ్మ అవే ముందు చదివేది.

పాతకాగితం
నేను చెన్నైలో ఒక లైబ్రరీలో పనిచేశాను, పాత పత్రికలతోనే గడిచింది. భాను గారి ఇంట్లో పీడీఎఫ్, యూనికోడ్ రెండూ ఒకదానికొకటి పోటీ అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. కాదు. పీడీఎఫ్ పేజీ ఎలా ఉండేదో చూపిస్తుంది, బొమ్మ ఎక్కడుంది, కవితకు ఎంత ఖాళీ వదిలారు, అట్ట మీద రంగేమిటి. యూనికోడ్ అందులో ఏముందో ఇస్తుంది. రెండూ కావాలి, ముందు ఏది అన్నదే ప్రశ్న. ఆ కంప్యూటర్ పరిస్థితి చూస్తే ముందు పీడీఎఫే. అది ఎక్స్‌పీ మీద మాత్రమే సరిగ్గా వస్తుంది, అక్షర మార్పిడి తర్వాత ఏ కంప్యూటర్ మీదైనా చేసుకోవచ్చు.

పేజ్‌మేకర్ నుంచి పోస్ట్‌స్క్రిప్ట్ (పీఎస్) అనే రకం ఫైలుగా ప్రింట్ ఇచ్చి, దాన్ని డిస్టిలర్ అనే సాఫ్ట్‌వేర్‌తో పీడీఎఫ్ చేసేవాళ్ళం. మీ డీటీపీ ఆయన కంప్యూటర్‌లో డిస్టిలర్ ఉంటే అందులో ఫాంట్లన్నీ లోపల పొదగమని చెప్పే సెట్టింగ్ ఉంటుంది, అది తప్పకుండా పెట్టండి. ఫాంటు పొదగని పీడీఎఫ్ మీ దగ్గర బాగానే కనిపిస్తుంది, ఇంకొకరికి పంపితే మళ్ళీ డాలర్లే. డిస్టిలర్ లేకపోతే పీఎస్ ఫైలు తెచ్చుకుని కొత్త కంప్యూటర్ మీద ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. దీర్ఘకాలం దాచడానికి పీడీఎఫ్‌లోనే పీడీఎఫ్/ఏ అనే రకం ఉంది, 2005లో ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది, అందులో ఫాంట్లు లోపల ఉండి తీరాలి. ఆఖరి ప్రతులు ఆ రకంలో పెట్టుకోండి.

సీడీల సంగతి మర్చిపోకండి. ముందు ఒక్కొక్కటీ పూర్తిగా కాపీ తీయండి, తెరవడం, చూడటం తర్వాత. రాసుకునే సీడీల్లో రంగు పొర పాడవుతుంది, ఎండ తగిలినవి ముందు పోతాయి. ఒక డ్రైవ్‌లో చదవనిది ఇంకో డ్రైవ్‌లో చదువుతుంది, మొదటిసారికే పోయిందని పారేయకండి.

ఇంకొకటి. ఇంట్లో చదువుకోవడానికి మార్చుకోవడం వేరు, నెట్‌లో అందరికీ పెట్టడం వేరు. కథలూ కవితలూ రాసినవాళ్ళకు హక్కు ఉంటుంది, మన చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. పత్రిక నడిపింది మీ నాన్నగారైనా రాసినవాళ్ళనో వాళ్ళ పిల్లలనో ఒక మాట అడగండి. ఆయన ఉండగానే అడిగితే చిరునామాలు దొరుకుతాయి, మీరు అడిగితే ఎవరమ్మా నువ్వంటారు.

కరెంటులేనిపుస్తకం
పాతకాగితం గారు చెప్పింది సబబుగా ఉంది. నేను వద్దన్నది ఎవరూ పూర్తి చేయరేమోనన్న భయంతో. మా సంఘం సావనీర్ ఇలాగే ఉత్సాహంగా మొదలుపెట్టారు, నాలుగు సంచికలు కాగానే ఆ కుర్రాడికి పూనాలో ఉద్యోగమొచ్చింది, సగం ఫైళ్ళు ఆ అబ్బాయి లాప్‌టాప్‌తో వెళ్ళిపోయాయి. ఒక్కరి మీద పెట్టకండి.

హోసూరు_రాగి
కన్నడం వాళ్ళకూ ఇదే గోల ఉండేది, నుడి, బరహ అని రెండు రకాల ఫైళ్ళు. మా ఆవిడ కన్నడ టీచరు, పాత ప్రశ్నపత్రాలు ఎలా మార్చిందో అడిగితే ఒకటే చెప్పింది, మార్చడానికి ఒక పూట, దిద్దడానికి ఒక వేసవి సెలవు.

బసవనగుడి_భాను
పది రోజుల తర్వాత రాస్తున్నాను. చాలా జరిగింది.

ఫాంట్స్ ఫోల్డర్ తీసేశాను. సీడీలు 31 ఉంటే 29 చదివాయి. మిగతా రెండింటినీ ఎస్పీ రోడ్డులో కొన్న బయటి డ్రైవ్‌లో పెడితే ఒకటి చదివింది, ఒకటి ఇంకా మొండికేస్తోంది. డిస్టిలర్ ఉంది! 41 సంచికల పీడీఎఫ్‌లు అయ్యాయి. కంప్యూటర్ వెనక మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి నడుపుతున్నాం, తమ్ముడే రాత్రిళ్ళు కూర్చుంటున్నాడు. తడిసిపోయిన ఎనిమిదిలో ఏడు వచ్చాయి. ఎనిమిదోది ఆ మొండి సీడీలో ఉంది.

ప్రయోగానికి 12వ సంచిక తీసుకున్నాం, 2000 సంక్రాంతిది. మూర్తి స్క్రిప్టుకు మొత్తం సంచిక మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. దిద్దడానికి నాకూ మరదలికీ నాలుగు సాయంత్రాలు పట్టింది, హోసూరు రాగి గారి ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఏం తప్పులొచ్చాయంటే, ‘రాజ్‌కుమార్’ అని ఉండాల్సిన చోట ‘రాజ్కుమార్’, జ కింద క ఒత్తు వచ్చేసింది, ‘సాఫ్ట్‌వేర్’కూ అదే గతి. పద్యాల్లో అరసున్నలు ఎగిరిపోయాయి. లైను చివర మాట విరిచిన చోట గీతలు అలాగే మిగిలిపోయి, ‘బెంగ-ళూరు’ అని లైను మధ్యలో కనిపిస్తోంది. ఒకే రకం తప్పులు కాబట్టి మూర్తి రెండు రోజుల్లో స్క్రిప్టు సరిచేసి పంపాడు, మళ్ళీ నడిపితే ముప్పాతిక భాగం పోయాయి.

కానీ అసలు సంగతి వేరు. దిద్దిన ప్రతి నాన్నకు ఫోన్‌లో ఇచ్చాను, అక్షరం ఇంత లావున పెట్టి. కోలారు నుంచి ఒకాయన రాసిన కథ చదువుతూ ఆగారు. ఇది ఆయన మాట కాదే అన్నారు. చూస్తే కథలో ‘యాడికి పోతాండావు’ అని ఉన్నదాన్ని మా మరదలు తప్పనుకుని ‘ఎక్కడికి పోతున్నావు’ అని దిద్దింది. పాపం తను మంచికే చేసింది, వాళ్ళది కాకినాడ. అలాంటివి ఆ ఒక్క కథలోనే 23 చోట్ల. 25 ఏళ్ళ కింద చదివిన కథలో మాట మారితే ఈ వయసులో పట్టుకున్నారాయన. అచ్చు ప్రతి పక్కన పెట్టుకుని అన్నీ వెనక్కి మార్చాం.

పాతకాగితం
చాలా విలువైన సంగతి చెప్పారు. ఇక ముందు దిద్దేవాళ్ళందరికీ ఒకటే నియమం పెట్టండి: అచ్చులో ఉన్నది ఉన్నట్టు. అచ్చుతప్పు అనిపించినా ముట్టుకోవద్దు, పక్కన గుర్తు పెట్టుకుని మీ నాన్నగారిని అడగండి.

అచ్చుమర
కోలారు, హోసూరు, బెంగళూరు పేటల తెలుగు అచ్చులో దొరకడమే తక్కువ. మా రోజుల్లో ప్రూఫులు దిద్దేవాళ్ళు ముందే వాటిని మార్చేసేవాళ్ళు, నేనూ మార్చాను. మీ నాన్నగారు మార్చనివ్వలేదంటే ఆ పత్రిక మామూలుది కాదు.

నాగసంపంగి
వెతకడం పనిచేస్తోందా అక్కా? అదేగా నువ్వు మొదట అడిగింది.

బసవనగుడి_భాను
పనిచేస్తోంది, కానీ అక్కడా ఒక పాఠం. ఇప్పటికి మూడు సంచికలు మార్చాం. పితికిపప్పు గురించి ఎవరో రాశారు, అనపకాయల కాలంలో వీవీ పురంలో జనం, ఇంట్లో గింజలు నానేసి చేత్తో పితికి పొట్టు తీయడం, నాన్నకు ఆ వ్యాసం కావాలి. ‘పితికిపప్పు’ అని కొడితే ఏమీ రాలేదు. ‘పితుకుపప్పు’ అని కొడితే ఒకటి వచ్చింది, అది ఉత్తరం. ‘పితికి’ అని మాత్రమే కొడితే దొరికింది, అచ్చులో ‘పితికిన పప్పు’ అని ఉంది. నాన్న ఫోన్ పట్టుకుని రెండుసార్లు చదివి, ఇది రాసినావిడ అప్పుడు శ్రీరాంపురంలో ఉండేది, కనుక్కో అన్నారు.

మునెకొళాల_మూర్తి
దానికి ఒక చిన్న ఉపాయం చేద్దాం. అచ్చు పాఠం ముట్టుకోకుండా ప్రతి వ్యాసానికి పక్కన ఒక చీటీలాంటిది పెడదాం, అందులో మిగతా రూపాలు రాస్తే చాలు, వెతికితే దొరుకుతుంది. స్క్రిప్టు, ఫాంటు పట్టిక అన్నీ అందరికీ అందే చోట పెడతా, నాకు పూనాలో ఉద్యోగమొచ్చినా పని ఆగకూడదు.

కరెంటులేనిపుస్తకం
సంతోషం బాబూ. నాకొక సంచిక పంపండి, దిద్దుతాను. కళ్ళు బాగానే ఉన్నాయి, కాలక్షేపం కూడా అవుతుంది. కాగితం మీద ప్రింటు తీసి పంపితే ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి ఇస్తాను.

కొళత్తూరు_కృష్ణ
నాకు రెండు ఇవ్వండి. అంకెలు, పాళ్ళు, తేదీలు, ఇంగ్లీషు మాటలు ఎక్కడున్నాయో అవి నేను చూస్తాను. అవి మాత్రం నా కళ్ళు దాటిపోవు.

పెట్టెతాళం
నాకు తెలుగు అక్షరదోషాలు అంతగా పట్టుబడవు గానీ, ఫైళ్ళకు పేర్లు పెట్టి మూడు చోట్ల కాపీలు ఉంచే పని నాది. సంవత్సరం, నెల, సంచిక నంబరు, అంతే పేరు. పాతవి ఒక ఫోల్డర్‌లో చదవడానికి మాత్రమే అని తాళం వేసి పెడతా.

బసవనగుడి_భాను
అయితే నిర్ణయం ఇది. చదవని సీడీలోది తప్ప మిగతా 56కూ పీడీఎఫ్ ఈ నెలలోనే పూర్తి చేస్తాం, ఎక్స్‌పీ ఉండగానే. యూనికోడ్‌లోకి ముందు అన్ని సంచికల పాఠకుల ఉత్తరాలు, తర్వాత కథలు, ఆ తర్వాత నాన్న సంపాదకీయాలు, ఆయన తనవి ఆఖరున పెట్టమన్నారు. ప్రకటనలు మార్చం, అవి పీడీఎఫ్‌లో ఉన్నాయి చాలు. టైపింగ్ ఆవిడకు ఆ ఒక్క చదవని సీడీలోని సంచిక మాత్రం ఇస్తాం, ఎవరి దగ్గరైనా అచ్చు ప్రతి దొరికితే. 2003 దసరాది, 27వ సంచిక, అట్ట మీద లాల్‌బాగ్ గాజు ఇల్లు బొమ్మ ఉంటుంది. మీ ఇళ్ళలో, మీ చుట్టాల ఇళ్ళలో ఉందేమో ఒకసారి చూడండి.

చెవితోచదువు
అమ్మను అడిగాను. గాజు ఇల్లు బొమ్మ అనగానే పెట్టెలో ఉందంది. ఇంకా తీసి చూడలేదు, రేపు పక్కింటి పిల్లను పిలిచి చూపిస్తాను.

చెవితోచదువు
ఉంది. అట్ట చిరిగింది, లోపల 32 పేజీలూ ఉన్నాయట, పిల్ల లెక్కపెట్టింది. భాను గారూ, ఆదివారం ఇంట్లో ఉంటారా? నేనే తెచ్చిస్తాను, అమ్మ కూడా వస్తానంటోంది.